క్యాలెండర్‌లో కాలేషా

"నన్నింక ఆడనీరేమో సార్."

రేపు నీళ్లు రావేమో అన్నంత మామూలుగా అన్నాడు కాలేషా ఆ మాట. అని, చాయ్‌లో రొట్టె ముంచుకుని తిన్నాడు.

ఎదురుగా కూర్చున్న అమర్నాథ్ ఇంకొంచెం చాయ్ పోశాడు. అతను సౌదీలోని దమ్మాంలో, సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు ల్యాబ్‌లో కెమిస్టు. కాకినాడవాడు. గల్ఫ్ యుద్ధం ఆగి రెండు నెలలు దాటినా, కిటికీ అంచుల చుట్టూ విషవాయువుకు భయపడి అంటించిన టేపు అలాగే ఉంది. ఆ టేపు అంటించింది కాలేషాయే. స్టూలు అవసరం లేని ఎత్తు అతనిది. సైరన్ మోగిన రాత్రుల్లో అమర్నాథ్ ఏడాది నిండని కూతురు రిషిత ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేవాడు. ఇప్పుడు సైరన్లు లేవు. అయినా వేలు పెట్టి చూస్తూనే ఉన్నాడు.

కాలేషాది రాయచోటి. డిగ్రీ రెండో ఏడు చదువుతూ కాలేజీ వాలీబాల్ జట్టులో స్మాషర్‌గా పేరు తెచ్చుకున్నాడు. ఆటవల్లే సీటు, ఆటవల్లే హాస్టల్లో ఉచితంగా భోజనం. దమ్మాం పక్కనే ఉన్న ఖోబర్‌లోని ఒక కాంట్రాక్టు కంపెనీకి అలాంటి కుర్రాళ్లు కావాలి. శుక్రవారాల్లో కంపెనీల జట్ల మధ్య జరిగే మ్యాచ్‌లకు క్యాంపులన్నీ కదిలి వచ్చేవి. గెలిచిన కంపెనీ పేరు పెద్దవాళ్ల చెవిన పడేది, పనులు దొరికేవి. ఆటగాడికంటూ వీసా లేదు కనుక కంపెనీ అతణ్ణి కూలీగా రాసి తెచ్చింది. అక్కడ ఉండటానికిచ్చే గుర్తింపు కార్డు ఇఖామాలో కూలీ అనే ఉంది. పొద్దున స్టోరులో కాసేపు కూర్చోవడం, సాయంత్రం ప్రాక్టీసు. ఏడాది ఉండి, వెళ్లి మళ్లీ కాలేజీలో చేరదామనుకున్నాడు. ప్రిన్సిపాల్ కూడా సరే అన్నాడు. అంతలో కువైట్ గొడవ వచ్చి పడింది. పాస్‌పోర్టు వీసా ఇప్పించిన యజమాని కఫీల్ దగ్గర, ఆ కఫీల్ ఎక్కడో రియాద్‌లో.

యుద్ధం ముగిశాక జరిగిన మొదటి మ్యాచ్‌కి జనం విరగబడి వచ్చారు. బతికి బయటపడ్డ సంతోషం ఎటు పోవాలో తెలియక కాలేషా మీదికి పోయింది. ఆట బాగా ఆడినవాడి చొక్కాకి పిన్నీసుతో నోటు గుచ్చడం మనవాళ్ల క్యాంపుల్లో మర్యాద. ఆరోజు అతని చొక్కా మీద కంపెనీ పేరు కనపడనన్ని రియాళ్లు గుచ్చారు. ఎవరో ఫోటో తీశారు. కాలేషా మురిసిపోయి దాన్ని తన కాలేజీ కెప్టెన్ నబీ రసూల్‌కి పంపాడు. నబీ రసూల్ ఇంకా మురిసిపోయి నోటీసు బోర్డుకి అంటించాడు.

పక్క ఊరి కాలేజీవాళ్లు అది చూశారు. డబ్బు తీసుకుని ఆడినవాడు కాలేజీ జట్టుకు పనికిరాడని ఫిర్యాదు చేశారు. అతను జీతానికి ఆడలేదని కంపెనీ రాసిస్తే సరి, లేకపోతే ఆట కోటా సీటు పోతుంది అని నబీ రసూల్ ఉత్తరం రాశాడు. అది పట్టుకునే కాలేషా ఆ సాయంత్రం అమర్నాథ్ దగ్గరికి వచ్చాడు.

మరునాడు ఇద్దరూ కంపెనీ మేనేజరు జమాలుద్దీన్ దగ్గరికి వెళ్లారు. హైదరాబాద్ మనిషి, నవ్వుతూ మాట్లాడతాడు.

"గింతేనా మియా? నువ్వు కూలీవి. ఇఖామాల గదే ఉంది. నీ జీతం కూలీ జీతం. రాసిస్త తీస్కో."

"మరి ఆ నోట్లు?" అన్నాడు అమర్నాథ్.

"అది ఇనాం, జీతం గాదు. ప్లేయరని రాస్తే మాకే లేబర్ ఆఫీసుల తిప్పలు సాబ్. కూలీ వీసా మీద ఆట ఆడిపిచ్చినవా అంటరు. కూలీ అంటే ఇక్కడ మేం బతుకుతం, అక్కడ ఈన బతుకుతడు."

అమర్నాథ్‌కి ప్రాణం కుదుటపడింది. కాలేషా మాత్రం మేనేజరు వెనక గోడనే చూస్తున్నాడు. అక్కడ ఆ ఏటి కంపెనీ క్యాలెండర్ ఉంది. నెట్‌కి పైన గాలిలో, చెయ్యెత్తి కాలేషా.

"ఆ బొమ్మ నాదే గదా సార్. దానికేం పేరు పెడతారు? జీతమా, ఇనామా?"

"నువ్వు ఎగిరినవ్, అంగీ మాది. ఇంకేం పేరు కావాల్నయ్యా?" జమాలుద్దీన్ నవ్వి స్టాంపు వేశాడు.

నెల తర్వాత కాలేజీనుంచి జవాబు వచ్చింది. యుద్ధభయంతో ఇళ్లకు వెళ్లిపోయిన కూలీలు పెట్టెల్లో ఆ క్యాలెండర్లు పట్టుకెళ్లారు. ఒకటి రాయచోటి బస్టాండు దగ్గర హోటల్లో వేలాడింది. ఫిర్యాదుదారులు దాన్ని తెచ్చి బల్లమీద పెట్టి, కూలీ బొమ్మని ఏ కంపెనీ అచ్చు వేసుకుంటుంది అని అడిగారట. సీటు రద్దయింది.

కాలేషా ఉత్తరం చదివి జేబులో పెట్టుకున్నాడు. ఆ శుక్రవారం కూడా ఆడాడు, ఎప్పటిలాగే కొట్టాడు. మ్యాచ్ అయ్యాక నోట్లు పట్టుకుని జనం వస్తే రెండు అరచేతులూ గుండెకు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. గర్వం పెరిగిందిరా వీడికి అన్నారు.

ఆ తర్వాత చెప్పడానికి పెద్దగా లేదు. వెళ్లాల్సిన కాలేజీ లేదు కనుక అక్కడే ఉండిపోయాడు. మోకాలు చెడ్డాక జట్టులోంచి తీసేశారు. స్టోరులో నిజంగానే కూలీ అయ్యాడు. బాధగా లేదా అని అమర్నాథ్ ఒకసారి అడిగితే, "ఏమో సార్, తెలీడంల్యా" అన్నాడు.

రిషితకి ఏడేళ్లు వచ్చాయి. స్కూలు పరుగుపందెంలో మొదట వచ్చింది. బజారులో బూట్ల షాపు యజమాని పాపకి బూట్లు ఊరికే ఇస్తానన్నాడు, ఒక్క ఫోటో తీసుకుంటానన్నాడు. కాలేషా క్యాలెండరు గుర్తొచ్చి అమర్నాథ్‌కి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. చివరికి కాలేషా దగ్గరికి వెళ్లాడు.

"తీసుకోవద్దని నేను చెప్పను సార్. మంచి బూట్లు కాళ్లకు మంచిదే. అయితే ఏం పేరు మీద ఇస్తాండాడో ముందే ఆయన నోటితోనే చెప్పిచ్చుకోండి. ఆటకా, బొమ్మకా, అభిమానానికా? పాప ముందరే అడగండి, ఆ పిల్ల కూడా విననీ. చెప్పలేకపోతే లేచి వచ్చేయండి."

షాపులో అమర్నాథ్ రిషిత చెయ్యి పట్టుకుని, ఈ బూట్లు ఏం పేరు మీద ఇస్తున్నారని అడిగాడు. యజమాని నీళ్లు నమిలాడు. పాప పాత బూట్లతోనే ఇద్దరూ బయటికి వచ్చారు. పాప దారంతా మూతి ముడుచుకుంది. అయినా పాపకి ఎవరేం ఇచ్చినా అమర్నాథ్ ఇప్పటికీ ముందు అదే అడుగుతాడు, పాప ముందరే.