పక్క క్వార్టర్ పాప

భిలాయిలో దిగేసరికి మే నెల. పవర్ హౌస్ స్టేషన్ బయట నేల వేడి బూట్ల అడుగులోంచి తగిలింది. అంతకుముందు రెండు చలికాలాలు కాశ్మీర్‌లో ఎత్తయిన పోస్టులో గడిపాను. ఇక్కడ కాలేజీ కుర్రాళ్లకు డ్రిల్లు, రైఫిల్ నేర్పాలి. ఒక ట్రంకు పెట్టె, బెడ్డింగ్, కిట్ బ్యాగు. జీపు డ్రైవర్ నవ్వాడు.

"ఆరామ్ కీ పోస్టింగ్ హై, ఉస్తాద్."

ఇక సుఖపడతానని నేనూ నమ్మాను.

స్టీల్ ప్లాంటు కాలనీ సెక్టార్‌లో అప్పారావు గారనే ఫోర్‌మన్ తన క్వార్టర్ వెనక గది ఇచ్చారు. ఆయనది మా విజయనగరం వైపే. పక్క క్వార్టర్‌లో ప్లాంటు ఇంజినీరు, భార్య, వాళ్లతోపాటు గౌరి. గౌరి ఆయన తమ్ముడి కూతురు. తల్లీ తండ్రీ లేరు. ఎనిమిదేళ్లు ఉంటాయి. వీధిలో ఆడుకోగా నేనెప్పుడూ చూడలేదు.

డిసెంబర్‌లో ఒక ఉదయం ఐదున్నరకు పరేడ్‌కు బయలుదేరాను. పొగమంచు పట్టింది. నేను గ్రేట్‌కోటు తొడుక్కున్నాను. పక్కింటి వెనక వరండాలో గౌరి పల్చని గౌనుతో గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మోచేతి దగ్గర కాలిన మచ్చ, ఇంకా పచ్చిగానే ఉంది.

"ఏటమ్మా, ఈ చలిలో ఇక్కడున్నావేటి?"

"దూద్ గిరిపోయింది అంకుల్. పెద్దమ్మ బైటే ఉండమంది." పాలు ఒలకబోసిందట.

"చేతికేటయింది?"

మోచేయి వెనక్కి దాచుకుంది. గుసగుసగా, "ఎవరికీ చెప్పకు అంకుల్" అంది.

"చెప్పనని మాటివ్వలేను తల్లీ. నీకు సాయం చేసేవాళ్లకే చెప్తాను."

కోటు విప్పి కప్పబోయాను. వద్దంది. పెద్దమ్మ చూస్తే మళ్లీ కొడుతుందట.

ఆ సాయంత్రం అప్పారావు గారికి చెప్పాను. ఆయన కిటికీ తలుపు వేసి వచ్చి కూర్చున్నారు.

"బాబూ, ఆయన ఆఫీసరు. ఆళ్ల పిల్ల, ఆళ్లిష్టం. మనకేటి? మావోడి ఉద్యోగం ఆయన చేతిలో ఉంది."

లోపల ఆయన భార్య టీవీ సౌండు పెంచింది. అరుపులు వినబడిన ప్రతిసారీ ఆ ఇంట్లో టీవీ సౌండు పెరగడం నేను అదివరకే గమనించాను. ఎందుకో ఆ రోజు అర్థమైంది.

ఠాణాకు వెళ్లాను. ఫిర్యాదులు రాసుకునే మున్షీ కుర్చీ వేసి టీ ఇచ్చాడు. "మార్‌పీట్ తో హర్ ఘర్ మే హోతీ హై, ఫౌజీ భాయ్" అన్నాడు. కొట్టడం అన్ని ఇళ్లలో ఉండేదేనట. ఫిర్యాదు రాసుకోలేదు. సంగతి తెలిసి మా సుబేదార్ సాబ్ పిలిచి మందలించారు. "వర్దీ వేసుకుని సివిలియన్ ఇంటి గొడవలో దూరకు. ఇది ఆర్డర్."

పోస్టులో వైర్‌లెస్ పట్టుకుని పిలిస్తే, గాలివాన మధ్యనైనా ఎవరో ఒకరు పలికేవారు. ఇక్కడ ఇల్లూ ఇల్లూ ఆనుకుని ఉన్నాయి.

ఆర్డర్ వర్దీకి ఇచ్చారు కదా అని, ఆదివారం పాంటూ షర్టూ వేసుకుని గౌరి క్లాస్ టీచర్ ఇంటికి వెళ్లాను. అందరూ ఆవిడను దీదీ అనేవారు. శ్రీకాకుళం మనిషి. నా మాట పూర్తిగా విన్నారు. మధ్యలో ఒక్కసారీ అడ్డం రాలేదు.

"నాకూ అనుమానమే భయ్యా. నెల బట్టి పిల్ల బడికి రావట్లేదు. అడిగితే జ్వరమంటారు. నువ్వొక్కడివీ చెప్తే పొరుగోళ్ల గొడవంటారు. నేనూ చెప్తాను. ప్లాంటు ఆస్పత్రి డాక్టరమ్మనీ తీసుకెళ్దాం."

మర్నాడే దీదీ, డాక్టరమ్మ ఇద్దరూ పక్కింటికి వెళ్లారు. నేను గేటు దగ్గర నిలబడ్డాను. ఇంజినీరు బయటికి వచ్చి అరిచాడు.

"చదువుకున్న కుటుంబం మాది! సిపాయివి, పిల్లల పెంపకం నీకేం తెలుసు?"

డాక్టరమ్మ గౌరిని ఎత్తుకుని ఆయన పక్కనుంచే నడిచి వచ్చింది. "ఈ పాప ఇవాళ ఆస్పత్రిలో ఉంటుంది" అంది.

వీపు మీద పాత వాతలు బయటపడ్డాయి. ఎడమ చెవి వినబడటం లేదు. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ, "ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే చెవి దక్కేది" అంది. ఆవిడ, దీదీ, నేను జిల్లా కేంద్రం దుర్గ్ వెళ్లి మేజిస్ట్రేట్ ముందు చెప్పాం. పాపను అమ్మమ్మకు అప్పగించమని ఆయన ఆదేశించారు. బొబ్బిలి నుంచి ముసలావిడ వచ్చింది.

ఇంజినీరు మీద, ఆయన భార్య మీద కేసు నిలవలేదు. సాక్ష్యానికి వీధిలో ఒక్కరూ రాలేదు. కొన్నాళ్లకే ఆయనకు ప్రమోషన్ వచ్చింది. విందుకు వీధంతా వెళ్లింది. ఆయన ఫిర్యాదుతో నా పోస్టింగ్ ముగిసింది. అప్పారావు గారు గది ఖాళీ చేయమన్నారు. సామాను సర్దుతుంటే ఆయన భార్య గుమ్మంలో నిలబడి కళ్లు ఒత్తుకుంది.

"మాకు దసరా అప్పుడే తెలుసు బాబూ."

నేను బెడ్డింగ్ తాడు బిగించాను.

సర్వీసు ముగించుకుని విజయనగరం వచ్చేశాను. ఇక్కడ జనం నన్ను సరిహద్దు గురించి, కాల్పుల గురించి అడుగుతారు. చెప్తాను. వాటివల్ల నాకు నిద్ర చెడదు.

నిద్ర చెడేది మరొకందుకు. గౌరినీ అమ్మమ్మనూ రైలెక్కించడానికి వెళ్లాను. కొత్త గౌను వేసుకుని పాప కిటికీ పక్కన కూర్చుంది. కూలీ సంచీని పై బెర్తు మీద పెట్టడానికి చేయి పైకెత్తాడు. అంతే. పాప రెండు చేతులతో తల కప్పుకుని సీటు కిందికి జారిపోయింది. ఏడవలేదు. కళ్లు గట్టిగా మూసుకుని, దెబ్బ పడుతుందని కాచుకుని కదలకుండా కూర్చుంది.