ఎర్రగా కనిపించిన చేను

ఆ ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు అడవంటేనే భయం. తర్వాత మనుషులంటే భయం పుట్టింది. చివరికి నా చేతిరాత అంటేనే భయం పట్టుకుంది.

అటవీ హక్కుల చట్టం వచ్చి, పోడు చేసుకునే గిరిజనులకు పట్టాలిస్తారని భద్రాచలం చుట్టుపక్కల ఊళ్లన్నీ దరఖాస్తులు పెట్టుకుంటున్న రోజులవి. రెండు వేల ఎనిమిది దాటింది. మాది బోనకల్ దగ్గర పల్లె. ఖమ్మంలో డిగ్రీ చదివి, కంప్యూటర్‌లో మ్యాపులు గీయడం నేర్చుకున్నాను. అది చూసి ఒక ప్రభుత్వ కార్యాలయంలో కాంట్రాక్టు మీద తీసుకున్నారు. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు.

చేతిలో పట్టే జీపీఎస్ మిషన్‌తో చేను చుట్టూ నడిచి రావడం నా పని. మిషన్ ఆ చేను హద్దు గీస్తుంది. ఆఫీసుకు తెచ్చి, ఆ గీతను ఉపగ్రహం తీసిన పాత బొమ్మ మీద పెట్టాలి. రెండు వేల అయిదు డిసెంబరు నాటికి ఆ భూమి సాగులో ఉంటేనే హక్కు అని చట్టం. ఆ ఏడాది తీసిన బొమ్మలో చెట్టూ చేమా ఎర్రగా కనబడతాయి, ఖాళీ నేల పాలిపోయి కనబడుతుంది. గీత లోపల ఎరుపుంటే రిమార్కుల గడిలో 'అడవి' అని రాయాలి. అంతే పని. మూడు ఊళ్లు అలాగే పూర్తి చేశాను.

నాలుగో ఊరు వాగు అవతల ఉండేది. అక్కడి అటవీ హక్కుల కమిటీలో సభ్యుడైన ఒకాయన నాకు దారి చూపించేవాడు. ఆయనను అన్నా అనేదాన్ని. ఆ ఊళ్లో మొదట కొలిచింది ఒక ముసలమ్మ చేను. భర్త చనిపోయాడు, పిల్లలు లేరు. ఆమె ముందు నడుస్తుంటే నేను మిషన్ ఎత్తి పట్టుకుని వెనక నడిచాను. చేను నడుమ పెద్ద పెద్ద ఇప్పచెట్లు ఉన్నాయి. వాటి కింద మిషన్‌కు సిగ్నల్ అందక నిలబడాల్సి వచ్చేది.

"పైనుంచి ఎవరు చూస్తున్నరు బిడ్డా?" అని అడిగింది.

"ఉపగ్రహం అవ్వా. మనం ఎక్కడున్నమో అది చెప్తది."

"నేను దున్నింది గూడ చూసిందా?"

"చూసింది" అన్నాను, ఆలోచించకుండానే.

ఆఫీసులో గీత పెట్టి చూస్తే లోపలంతా ఎరుపే. 'అడవి' అని రాశాను. ఆ ఊరి చేలలో చాలావాటికి అదే రాశాను.

నెల తర్వాత, మిగిలిన చేలు కొలవడానికి మళ్లీ ఆ ఊరు వెళ్లాను. తిరస్కరించిన దరఖాస్తుల జాబితా నాకంటే ముందే చేరిందని నాకు తెలియదు. ఊళ్లో అడుగు పెట్టగానే పది పదిహేను మంది మగవాళ్లు చుట్టుముట్టారు. పొలం పనికి పోతున్నవాళ్లు కాబట్టి భుజాల మీద గొడ్డళ్లున్నాయి. అది తెలిసినా రెండడుగులు వెనక్కి వేశాను. ఒకతను నా చేతిలోంచి మిషన్ లాక్కున్నాడు.

"ఇదేంది? ఇది పోలీసోళ్లకు గూడ చెప్తదంట గద, మేం యాడున్నమో?"

"లేదన్నా, ఇది పొలాలకే..."

"పొలాలకే అయితే మా పొలం యాడ వోయింది? తాతల కాన్నుంచి చేస్తున్న చేను అడివెట్లయితది? రాసింది ఎవరు?"

నేనే అని చెప్పే ధైర్యం రాలేదు. ఆఫీసోళ్లు రాసిండ్రు అన్నాను. నన్ను బడి అరుగు మీద కూర్చోబెట్టారు. ఎవరూ నన్ను తాకలేదు, తిట్టలేదు. వాళ్లలో వాళ్లు కోయలో మాట్లాడుకుంటుంటే ఒక్క ముక్క అర్థం కాలేదు. ఫోన్‌కు సిగ్నల్ లేదు. బస్సు సాయంత్రం దాకా రాదు. నన్ను ఏం చేస్తారో అనే ఆలోచన తప్ప ఇంకేం తోచలేదు.

మధ్యాహ్నం వేళ ముసలమ్మ వచ్చింది. అక్కడివాళ్లతో ఏదో అని, నా చెయ్యి పట్టుకుని లేపింది. కమిటీ అన్న కూడా వెంట వచ్చాడు. ఆమె నన్ను నేరుగా చేనుకు తీసుకుపోయి, మోకాళ్ల మీద కూర్చుని మట్టి తవ్వింది. పాత జొన్న మోళ్లు బయటపడ్డాయి. చేను మూలన, చనిపోయిన అత్తామామల పేరిట నిలబెట్టిన రాళ్లు చూపించింది. తర్వాత కోయలో గబగబా మాట్లాడింది.

"ఏమంటుంది?" అని అన్నను అడిగాను.

"ఏ నెలల చూసిండ్రని అడుగుతుంది మేడం. జొన్న నిలబడ్డప్పుడు చూస్తే పచ్చగనే ఉంటది గద. కోసినంక చూడుమంటుంది."

బొమ్మ ఏ నెలలో తీశారో నేను ఒక్కసారి కూడా చూడలేదు.

"రాసింది నేనే అవ్వా" అన్నాను, ఏడుపు ఆపుకోలేక. ఆమె చేతికంటిన మట్టి దులుపుకుంది. "అయితే నువ్వే మళ్ల రాయి" అంది. మిషన్ తిరిగి ఇప్పించింది.

మర్నాడు ఆఫీసులో చూస్తే అది అక్టోబరు బొమ్మ. పంటా అడవీ రెండూ ఒకే ఎరుపుగా ఉండే నెల. అదే ఏడాది జనవరి బొమ్మ కోసం వెతికాను. అప్పటికి జొన్న కోసేస్తారు, అడవి ఇంకా ఆకు రాల్చదు. గీత పెట్టగానే చేను పాలిపోయి కనబడింది. ఇప్పచెట్ల చోట మాత్రం ఎర్రటి మచ్చ మిగిలింది. ఆ ఊరి చేలన్నీ మళ్లీ చూశాను, దాదాపు అన్నీ అలాగే పాలిపోయి ఉన్నాయి. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. అంతకుముందు మూడు ఊళ్లకూ నేను వాడింది అక్టోబరు బొమ్మే.

మా సార్‌కు చూపించాను. ఆయన చెడ్డవాడు కాదు, పనిభారంతో నలిగిపోతున్న మనిషి.

"ఇప్పుడు ఇది బయటపెడితే మొత్తం లిస్టు మీద అనుమానం వస్తది. నీ కాంట్రాక్టు మార్చిలో అయిపోతది, తెలుసు గద?"

"తెలుసు సార్."

"మీటింగుల నిన్నే అడుగుతరు. నువ్వే చెప్పుకోవాలె."

దరఖాస్తుల మీద నిర్ణయం తీసుకునే డివిజన్ కమిటీ సమావేశానికి ముందు రెండు రోజులు అన్నం సహించలేదు. చట్టం నియమాల పుస్తకం తెచ్చుకుని చదివాను. పెద్దల వాంగ్మూలం, సమాధులు, బావులు, గట్లు కూడా సాక్ష్యమేనని అందులో ఉంది. ఉద్యోగంలో చేరిననాడే చదవాల్సిన పుస్తకం అది. సమావేశంలో రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టాను.

అటవీ శాఖ అధికారి ఒకరు అడిగారు. "మొన్న ఆ బొమ్మే సైన్స్ అన్నవ్. ఇయ్యాల ఇది సైన్స్ అంటున్నవ్. రేపు ఇంకో బొమ్మ తెస్తవా?"

"బొమ్మ తప్పు కాదు సార్. నేను చూసిన నెల తప్పు. పంట నిలబడ్డ నెలలో అడవినీ చేనునూ నేను వేరు చేయలేను. అది నేను ముందే రాయాల్సింది, రాయలేదు. చేను మూలన సమాధి రాళ్లు కూడా చూసొచ్చిన."

అధ్యక్షుడు రెండు బొమ్మలనూ చాలాసేపు చూశాడు. ఆ ఊరి దరఖాస్తులన్నీ జనవరి బొమ్మతో, పెద్దల వాంగ్మూలంతో మళ్లీ చూడాలని రాయించాడు. మరి ముందు మూడు ఊళ్ల మాటేమిటని నేను నోరు తెరిచేలోపే తర్వాతి అంశం మొదలైంది. కుర్చీలోంచి లేచి అడగాల్సింది. లేవలేదు. బయటికొచ్చాక ఆ మూడు ఊళ్ల సంగతి కాగితం మీద రాసి మా సార్‌కిచ్చాను. పైకి పంపిస్తానన్నాడు.

ముసలమ్మకు పట్టా వచ్చింది. ఎర్రటి మచ్చ ఉన్నంత మేర తీసేసి మిగిలింది ఇచ్చారు. పట్టా చేతికిచ్చిన రోజు అన్న చేత ఆ సంగతి చెప్పించుకుని, నా దగ్గరికి వచ్చింది.

"ఇప్పచెట్లు నరికేసి ఉంటే అది గూడ ఇచ్చేటోళ్లా బిడ్డా?"

ఆ బొమ్మ లెక్కన ఇచ్చేవాళ్లే. ఆ మాట ఆమెతో అనలేకపోయాను. ఆమె పట్టాను కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

మార్చిలో నా కాంట్రాక్టు అయిపోయింది, మళ్లీ పిలవలేదు. ఖమ్మంలో ఒక ప్రైవేటు కాలేజీలో చేరాను. నా కాగితం పైకి వెళ్లిందో లేదో రెండుసార్లు ఫోన్ చేసి అడిగాను. మా సార్ బదిలీ అయ్యాడన్నారు. తర్వాత అడగలేదు, ఏం వినాల్సి వస్తుందోనని. పోడు భూముల గొడవ అని పేపర్లో ఎప్పుడు వచ్చినా, ఆ మూడు ఊళ్లలో ఒకటేమోనని ఊరి పేరు చదవడానికి ఇప్పటికీ భయపడతాను.