మూత పెట్టిన టెలిస్కోపు

సముద్రం ఒడ్డునున్న డొంకూరుకి టెలిస్కోపు తీసుకెళ్ళేనాటికి నాకు పొగరు బాగా ఉండేది. టెక్కలి హైస్కూల్లో సైన్సు మేష్టార్ని. రెండు వేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో ఉద్దానం పల్లెలన్నీ బస్సుల్లో, ఆటోల్లో తిరిగి జనానికి శనిగ్రహం చూపించేవాణ్ణి. సరిగ్గా చూడకుండానే "సూసాను, సూసాను" అని తలూపేసి పోయేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. వాళ్ళని పట్టుకోవడానికి ఒక కిటుకు పెట్టుకున్నాను. ఎవరూ చూడకుండా గొట్టానికి మూత పెట్టేసి, ఏం కనిపించిందని అడగడం. అబద్ధం చెప్పినవాణ్ణి చూసి ఊరంతా నవ్వేది. దానికి నేను శాస్త్రీయ దృక్పథమని పేరు పెట్టుకున్నాను.

ఆ ఊళ్ళో ఒక ముసలి తండేలు ఉండేవాడు. తండేలంటే పడవకి పెద్ద, చుక్కాని ఆయన చేతిలోనే ఉంటుంది. చుక్కల్ని బట్టి దారి పట్టడంలో ఆయన్ని మించినవాడు లేడని పేరు. నేను ఇసకలో స్టాండు బిగిస్తూంటే వచ్చి, "మా సుక్కల్ని మాకే సూపిత్తావేటి మేష్టారూ?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు చురుక్కుమంది.

ఆయన వంతు వచ్చేసరికి మూత పెట్టేశాను.

వంగి, కన్ను ఆనించి, చాలాసేపు చూశాడు. నిజం చెప్పేవాడైతే అంతా చీకటిగా ఉందనేవాడు. ఆయన మాత్రం నెమ్మదిగా, "సుక్క సుట్టూ గాజునాగుంది" అన్నాడు. అంతకుముందు శని చుట్టూ వలయం చూసినవాళ్ళు చెప్పుకున్న మాటే అది. నేను మూత పీకి జనానికి చూపించాను. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. ఆయన పడవలో వెళ్ళే నలుగురు మాత్రం నవ్వలేదు. వాళ్ళలో ఆయన మేనల్లుడొకడు నా టార్చి తీసుకుని, రెండు వేళ్ళు ఆయన మొహం ముందు ఆడించి, "మావా, ఎన్ని?" అన్నాడు.

ఆయన చెప్పలేకపోయాడు. వారం తిరక్కుండా చుక్కాని ఆ మేనల్లుడి చేతికి పోయింది.

ఆయన భార్య రెండు బస్సులు మారి మా స్కూలుకొచ్చింది.

"మూడేళ్ళ బట్టి మా ముసిలోడికి సుక్కలు కనబడవు బావూ. నాకొక్కదానికే ఎరిక. పిల్లలకోడి సుక్కలు ఎక్కడున్నాయిరా, వేగుసుక్క పొడిసిందా అని కుర్రోళ్ళని పాఠం అడిగినట్టు అడిగి, ఆళ్ళు సెప్పినదాన్ని బట్టి పడవ తిప్పీవోడు. ఒక్కపాలీ దారి తప్పనేదు. ఇప్పుడు ఒడ్డున కూకుని అన్నం ముట్టడం నేదు. నువ్వొచ్చి ఒక్క మాట సెప్పు. మూతెట్టింది నువ్వేనని, అలగెడితే ఎవులికీ కనపడదని."

సిగ్గేసింది. సిగ్గేసినకొద్దీ కోపం వచ్చింది. "కనబడకుండా కనబడిందన్నది ఆయనే కదా. పడవలో నలుగురి ప్రాణాలమ్మా" అన్నాను. అది నిజమే. ఆ నిజం వెనక దాక్కున్నాను.

"అందరి ముందరా అడిగావు బావూ. కనపడనేదంటే సుక్కాని ఉంచుతారా?"

కళ్ళ ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నాను. ఎవరికీ తెలీకుండా ఎప్పుడో తనే తీసుకెళ్ళిందట. ఇంక చూపు రాదన్నారట.

గంట కొట్టారు. క్లాసుందని చెప్పి లోపలికి పోయాను. ఆ పీరియడు నాకు క్లాసు లేదు.