మా నాయనమ్మ, పాషా, నా ఆరోగ్యం

మా నాయనమ్మ కేరా పేరు బతుకులో ఒకే ఒక్కసారి పంచాయతీ నోటీసు బోర్డు ఎక్కింది. అదీ చేయని తప్పుకి. "పశుపక్ష్యాదుల పట్ల నిర్లక్ష్యం వహించినవారు" అని పైన లావు అక్షరాలు, కింద ఆమె పేరు. రెండు వందల గడపల ఊళ్ళో ఇంకెవరి పేరూ లేదు. నేను ఏడో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి, రాతకోతలు అంతంతమాత్రం. అయినా ఆ కాగితం సంగతి రాయకుండా ఉండలేను. నలభై ఏళ్ళయింది, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అది ఎనభై అయిదు చలికాలం. మా కొండల్లో చలి కొత్తేమీ కాదు. కానీ ఆ ఏడు బావి చేంతాడు కర్రలా బిగుసుకుపోయింది. కరెంటు మూడు గంటలుంటే మూడు గంటలు పోయేది. పొద్దున తలుపు తీస్తే నడుము లోతు మంచు. మా నాన్న డాన్యూబ్ నది రేవులో పనికి పోయి, దారులు మూసుకుపోయి అక్కడే చిక్కుకున్నాడు. ఇంట్లో నాయనమ్మ, మా అమ్మ రుస్కా, నేను. కొట్టంలో ఒక గాడిద, రెండు గొర్రెలు, ఒక మేక, పధ్నాలుగు పెట్టలు, ఒక పుంజు. "ఇంట్లో ఎంతమంది ఉంటారు?" అని జనాభా లెక్కల వాళ్ళు అడిగితే నాయనమ్మ ఇరవై ఇద్దరం అని చెప్పేదేమో.

గాడిదకి మా తాతయ్య మిలిటరీ కోటు తొడిగింది. తాతయ్య పోయి అప్పటికి ఆరేళ్ళు. "ఆయనకంటే దీనికే బాగా అమిరింది. పైగా ఇది చెప్పిన మాట వింటుంది," అనేది.

ఇక పుంజు. పేరు పాషా. నల్ల మెడ, రాగి రంగు రెక్కలు, నెత్తిన అయిదు కొనల ఎర్ర తురాయి. నడిస్తే కొత్తగా ప్రమోషన్ వచ్చిన పోలీసులా ఉండేవాడు. చలి ముందు పట్టుకునేది పుంజు తురాయినే కాబట్టి, నాయనమ్మ రోజూ పొద్దున వాణ్ణి చంకలో ఇరికించుకుని తురాయికి పందికొవ్వు రాసేది. నా పెదాలు పగిలి నెత్తురు కారుతున్నా ఆ గిన్నె దగ్గర నాది రెండో వంతే.

"నాయనమ్మా, ముందు నాకు రాయవే."

"నీకు నోరుంది, అడుగుతావు. వాడు అడగలేడు. ఆగు."

"వాడికి నోరు లేదా? రోజూ ఊరంతా లేచేలా అరుస్తాడు కదే."

"అది నీ గురించి. బడికి లేవమని. వాడు అరిచీ అరిచీ గొంతు పోగొట్టుకుంటున్నాడు, నువ్వు మాత్రం లేవవు."

ఆమె పద్ధతులు ఆమెకున్నాయి. గూట్లో గడ్డి చలికాలమంతా ఎత్తేది కాదు. పైపైన కొత్త గడ్డి పరుస్తూ పోయేది. అడుగున పెంట మగ్గి వెచ్చగా ఉంటుంది. దండెకి గుండ్రటి కర్ర పనికిరాదు, వెడల్పు చెక్క ఉండాలి. కోడి కూర్చుంటే కాలివేళ్ళు పొట్ట కిందికి పోవాలి. చీకటి పడే ముందు మొక్కజొన్న గింజలు వేసేది, అరిగినంతసేపూ ఒంట్లో వేడి పుడుతుందని. రోజుకి నాలుగుసార్లు గోరువెచ్చని నీళ్ళు మోసేది. ఇవన్నీ ఊళ్ళో అందరూ ఒప్పుకున్నవే. అందరి కళ్ళలోనూ గుచ్చుకున్నది ఒక్కటే. చూరు కింద, గోడకి పైభాగాన, రెండు అరచేతులంత కంత. మంచు కురిసినా, ఈదురుగాలి కొట్టినా ఆ కంత మాత్రం మూసేది కాదు.

జనవరి మొదటి వారంలో పంచాయతీ మైకులో గుమాస్తా మీన్కో గొంతు వినబడింది. కోళ్ళ గూళ్ళు గాలి చొరకుండా మూయాలి. కంతలు మట్టితో పూడ్చాలి. సహకార సంఘంలో ప్లాస్టిక్ పట్టాలు ఇస్తారు, అందరూ తీసుకోవాలి. ఊరంతా వరసలో నిలబడి తెచ్చుకున్నారు, గూళ్ళని పొట్లాల్లా చుట్టేశారు. నాయనమ్మ కూడా తెచ్చుకుంది. తెచ్చి కట్టెల మోపు మీద కప్పింది.

నాలుగో రోజు మీన్కో తనిఖీకి వచ్చాడు. చెవులు మూసే టోపీ, చంకలో ఫైలు, ముక్కు చివర నీటి బొట్టు.

"కేరా అవ్వా, కంత తెరిచే ఉంచావేంటి? పైనుంచి ఆర్డరు."

"పైనుంచంటే ఎక్కణ్ణుంచిరా, గూటి కప్పు మీద నుంచా?"

"జిల్లా నుంచి."

"జిల్లాకి ఎన్ని కోళ్ళున్నాయి?"

"అది కాదవ్వా. చలికి చస్తాయి."

"చలికి చావవు. వాటికి ఈకలున్నాయి. నీకు లేవు, అందుకే వణుకుతున్నావు. రాత్రంతా పదిహేను ప్రాణాలు ఊపిరి వదుల్తాయి. అదెక్కడికి పోవాలి? బయటికి దారి లేకపోతే గోడకి పట్టి నీరవుతుంది. తురాయి మీద కూర్చుని తెల్లారేసరికి గడ్డకడుతుంది. తడిసిన కోడి చస్తుంది నాయనా, చలేసిన కోడి కాదు. కావాలంటే మీ అమ్మని అడుగు, ఆవిడకి తెలుసు."

"మా అమ్మ కూడా మూసేసింది."

"ఎవరు చెబితే?"

"నేనే చెప్పా."

"అయ్యో పాపం," అంది నాయనమ్మ. ఆ పాపం మీన్కో మీదా, వాళ్ళమ్మ మీదా, కోళ్ళ మీదా తేల్చలేదు. కంతకి వీపు ఆనించి నిలబడింది. మీన్కో ఫైల్లో ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున కాగితం బోర్డు ఎక్కింది.

యాభై ఏళ్ళుగా కోళ్ళు పెంచుతున్న మనిషి. మేక ఈనుతుంటే పక్కనే గడ్డిలో పడుకున్న మనిషి. ఆమెకి నిర్లక్ష్యమట. రాసినవాడికి కోడికి ఎన్ని వేళ్ళుంటాయో తెలుసా అని నేనప్పుడే అనుకున్నాను. నాకూ తెలియదు, అది వేరే విషయం.

నాయనమ్మ ఏడవలేదు. రోజూ రొట్టె కొనే వంకతో బోర్డు దగ్గరికి పోయి చూసొచ్చేది. రొట్టె బల్ల మీద పెట్టి, "ఉంది," అనేది. అంతే.

మా అమ్మకి మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆమె కుట్టుపని కేంద్రానికి ఆ బోర్డు ముందు నుంచే పోవాలి. ఒక సాయంత్రం ఎవరికీ చెప్పకుండా మా నాన్న పాత ఉన్ని టోపీ తీసుకెళ్ళి ఆ కంతలో కుక్కేసింది.

పొద్దున నాయనమ్మ గూటి తలుపు తీసింది. గోడల మీద నీటి చారలు. గడ్డి పైన తేమ. పాషా తురాయిలో వెనక కొన మైనంలా తెల్లగా ఉంది. నాయనమ్మ టోపీ లాగి పిండింది. నీళ్ళు కారాయి. అదే టోపీ తెచ్చి మా అమ్మ కాఫీ కప్పు పక్కన పెట్టింది.

"మీ ఆయనది. ఒక్క రాత్రిలో పదిహేను కోళ్ళ ఊపిరి తాగింది. రాగానే తొడుగు."

"అత్తమ్మా, మంచికే కదా చేశాను."

"మీన్కో కూడా మంచికే చేశాడు."

ఆ తర్వాత మూడు రోజులు వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఒకే గదిలో కూర్చుని, "కాంచో, మీ అమ్మని ఉప్పు అందించమను," అనేది నాయనమ్మ. "కాంచో, ఉప్పు మీ నాయనమ్మ మోచేతి దగ్గరే ఉందని చెప్పు," అనేది మా అమ్మ. మధ్యలో కూర్చుని నేను కొన్ని మాటలు కలిపి చెప్పాను, అందుకే మూడు రోజులు పట్టింది. లేకపోతే ఒక్కరోజులో తేలిపోయేది. మూడో రోజుకి పాషా తురాయి కొన నల్లబడింది. మిగతా నాలుగు కొనలూ నిలిచాయి.

ఊళ్ళో ఆ మాత్రం కూడా నిలవలేదు. నెలాఖరుకి పట్టాలు విప్పి చూస్తే లోపల చెమట, దుర్వాసన, నల్లబడి కుళ్ళిన తురాయిలు. పక్కింటి తోత్కా పుంజు దండె మీద నుంచి కిందపడి పోయింది. మీన్కో పుంజు అందరికంటే ముందే పోయింది. మా వీధి మొత్తానికి కాళ్ళ మీద నిలబడ్డ పుంజు పాషా ఒక్కడే. నాయనమ్మ రొట్టెకి పోయి వచ్చింది.

"ఉందా?" అని అడిగింది మా అమ్మ.

"ఉంది."

ఒక్క మనిషికి కూడా, ఆ కాగితం తీసేద్దామని తోచలేదు.

కానీ ఇంకొకటి బాగానే తోచింది. ఫిబ్రవరి రెండున మాకు పుంజుల పండుగ. మగపిల్లాడున్న ఇంట్లో గడప మీద పుంజుని కోస్తారు. కోసేది ఆ పిల్లాడే. ఆ నెత్తురుతో వీధి తలుపు మీద శిలువ గుర్తు పెట్టి, మాంసం వండి ఇరుగుపొరుగుకి పంచుతారు. అలా చేస్తే పిల్లాడికి ఏడాదంతా జబ్బు రాదు. మా వీధిలో మగపిల్లలం ఆరుగురం. పుంజు ఒకటి. పండుగ మూడు రోజులుందనగా తోత్కా ఇద్దరు ఆడవాళ్ళని వెంటేసుకుని వచ్చింది.

"కేరా అవ్వా, ఈసారికి అందరి పిల్లలకీ కలిపి నీ పాషానే. కొన కొంచెం నల్లబడింది గానీ ఫర్వాలేదులే."

"ఫర్వాలేదా? చాలా సంతోషం. మీ పుంజుల్ని పట్టాల్లో చుట్టి మీరే చంపుకున్నారు. ఇప్పుడు నాది కావాలా?"

"మా కోసమా? పిల్లల ఆరోగ్యం. మీ కాంచోకి కూడా కదా."

నాయనమ్మ నావైపు చూసింది. తర్వాత కిటికీలోంచి పాషా వైపు చూసింది. ఎవరిమీద ఎంతసేపు చూపు నిలిచిందో నేను లెక్కపెట్టుకున్నాను. వాడిమీదే ఎక్కువ.

"రేపు చెబుతా," అంది.

మా అమ్మకి కోపమొచ్చింది. "మనవడా పుంజా అంటే రేపు చెబుతావా అత్తమ్మా?"

"మనవడికి తల్లుంది, తండ్రున్నాడు, మాట్లాడ్డానికి నువ్వున్నావు. వాడికి నేనొక్కదాన్నే. నలభై రోజులు కొవ్వు రాసి బతికించింది మెడ కోయడానికా? వాడు పోతే వసంతంలో కోడిపిల్లలు ఎక్కణ్ణుంచి వస్తాయి? వట్టి గుడ్లు పొదిగేస్తారా?"

నాకు పదకొండేళ్ళు, నిజం చెప్పాలంటే నా మనసు నొచ్చుకుంది. ఆ సాయంత్రం పాషాకి గింజలు వేసేటప్పుడు రెండు పిడికిళ్ళు తక్కువ వేశాను.

రెండో తారీఖు పొద్దున్నే నాయనమ్మ కొత్త ఆప్రాన్ కట్టుకుని, ఆరుగురు పిల్లల్నీ తల్లుల్నీ మా గడప ముందు నిలబెట్టింది. మీన్కో కూడా వచ్చాడు, వాళ్ళబ్బాయి కూడా మాలో ఒకడు. నాయనమ్మ పాషాని చంకలో పెట్టుకుని బయటికొచ్చింది.

"మీన్కో, నాయనా, ముందు ఆ కాగితం పట్రా."

"అవ్వా, దాన్ని తీయాలంటే జిల్లా అనుమతి కావాలి..."

"సరే. మీవాడి ఆరోగ్యానికి కూడా జిల్లాకే రాసుకో."

తల్లులందరూ మీన్కో వైపు తిరిగారు. అతని భార్య మరీ ముందుగా తిరిగింది. పావుగంటలో కాగితం వచ్చింది, నాలుగు పిన్నులతో సహా. నాయనమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి ఆప్రాన్ జేబులో వేసుకుంది. గడప మీద కూర్చుని, పాషాని ఒళ్ళో అదిమి పట్టుకుని, నా చేతికి గొర్రెల కత్తెర ఇచ్చింది.

"కత్తి కదా అత్తమ్మా," అంది మా అమ్మ.

"కత్తి అక్కర్లేదు. ఒరే కాంచో, ఆ నల్ల కొన చూడు. దానికి గింజంత కిందికి. ఒక్కసారే. చెయ్యి వణికిందో నీ చెవి కత్తిరిస్తా."

కత్తిరించాను. పాషా ఒక్క అరుపు అరిచాడు. అంత చిన్న కోతకి అంత నెత్తురు వస్తుందని నేననుకోలేదు. నాయనమ్మ వేలు ముంచి మా తలుపు మీద శిలువ గీసింది. పాషాని చంకలో పెట్టుకునే వీధి వెంట నడిచింది. ఆరు తలుపులూ అయ్యాకే పొయ్యి బూడిద అద్ది నెత్తురు ఆపింది.

"గడప మీద పుంజు నెత్తురు. మగపిల్లాడి చేత్తో. ఎంత నెత్తురో ఎవరూ చెప్పలేదు," అంది.

తోత్కా ఊరుకోలేదు. "గుమ్మం దగ్గర తల పెట్టాలి కదా. తల ఏది?"

"ఉంది కదా, చూడు. మెడ మీద."

గుడ్లు మానేసిన ముసలి పెట్టలు రెండింటిని వండి, వీధంతా పంచింది. పుంజా పెట్టా అని ఎవరూ అడగలేదు. రెండోసారి వడ్డించుకున్నారు.

అక్కడితో అయిపోవలసింది. నెలాఖరుకి నాకు దగ్గు పట్టుకుంది. ఒక్కసారి వీధిలో దగ్గానో లేదో తోత్కా కంచె మీదుగా మా అమ్మతో అంది, "చూశావా, చిటికెడు నెత్తురుతో సరిపెడితే ఇంతే. ఇప్పటికైనా మించిపోయింది లేదు, ఆ పుంజుని పూర్తిగా కోసేస్తే పోతుంది." మా అమ్మ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడంతోనే నాకు భయమేసింది.

అందుకని దగ్గొచ్చినప్పుడల్లా గూట్లోకి పరిగెత్తేవాణ్ణి. గడ్డిలో మొహం పెట్టి దగ్గేవాణ్ణి. పెట్టలు పక్కకి జరిగేవి. పాషా నాలుగు కొనల తురాయి ఊపుతూ దండె మీద నుంచి చూసేవాడు. నీకోసమేరా ఈ కష్టమంతా అని చెప్పినా ముక్కుతో ఒకటి పొడిచేవాడు.

నాలుగో రోజు నాయనమ్మ నీళ్ళ గిన్నెతో వచ్చి పట్టుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగు రోజులు."

"నాలుగు రోజుల నుంచి ఆ తడి ఊపిరంతా ఇక్కడే వదుల్తున్నావా?"

ముందు తలెత్తి కంత వైపు చూసింది. తెరిచే ఉందని నిశ్చయం చేసుకుంది. ఆ తర్వాత నా నుదుటి మీద చెయ్యి వేసింది. చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు.

"ఎందుకు చెప్పలేదురా?"

"చెబితే వాణ్ణి కోసేస్తారని."

ఆమె ముక్కు చీదుకుంది. "ఈ ఊళ్ళో బుద్ధున్నది ఇద్దరికే. ఒకరు నేను," అంది. రెండోది నేనో పాషానో అడగబోయి ఊరుకున్నాను.

దగ్గు వారంలో పోయింది. పాషా ఇంకా నాలుగేళ్ళు బతికాడు. ఆ వసంతంలో వీధిలో పుట్టిన కోడిపిల్లలన్నీ వాడివే. పొదిగేయడానికి గుడ్లు అడగడానికి మీన్కో కూడా వచ్చాడు. నాయనమ్మ ముందు నన్ను పంపి, అతని గూటి చూరు కింద కంత ఎంతుందో నా అరచేతులతో కొలిపించాకే ఇచ్చింది.

కానీ నాకు గుర్తుండిపోయింది ఆ నాలుగో రోజు పొద్దున. పొయ్యి దగ్గర నన్ను కూర్చోబెట్టి, చొక్కా విప్పి, గిన్నెలో వేలు ముంచి ఛాతీకి పందికొవ్వు రాసింది. ఆ చలికాలమంతటిలో మొదటి వంతు నాకు దక్కింది ఆ ఒక్కరోజే. పాషా గుమ్మంలో నిలబడి తన వంతు కోసం కాచుకున్నాడు, చాలా కోపంగా.