మా గోడ మీద నాన్న చెప్పులు

నిన్న పొద్దున్న మోకాళ్లకి నూనె రాసుకుంటూ ఫోన్ తీశాను.

ఫ్యామిలీ గ్రూపులో ఒకే లైను. "వరాలత్త ఇక లేరు."

మళ్లీ చదివాను. కింద వరసగా దండం బొమ్మలు. పైకి జరిపితే ఇంకా దండాలే. ఒక్కరూ ఒక్క మాట రాయలేదు.

మొన్న ఆదివారమే మాట్లాడాను. "ఏటే, మజ్జిగ తాగతన్నావా?" అని అడిగింది. తొంభై ఏళ్ల మనిషి, ఎప్పుడో ఒకప్పుడు తప్పదని తెలుసు.

ఈమధ్య ఫోన్ మోగితే చాలు, ఈసారి ఎవరో అనిపిస్తోంది. ఏడవడానికి కూడా ఓపిక ఉండట్లేదు. కానీ నేను కూడా ఓ దండం పెట్టి ఊరుకుంటే అత్త నన్ను వదలదు.

వరాలత్త మా నాన్నకి అక్క. వజ్రపుకొత్తూరు దగ్గర మా ఊళ్లోనే, మాకు రెండిళ్ల అవతల ఉండేది.

అరవై ఎనిమిదో, అరవై తొమ్మిదో. నాకు ఆరేళ్లు. నాన్న మా ఊరి బళ్లో టీచరు. నాలుగు రోజులు జ్వరమొచ్చి పోయాడు.

ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. జ్వరం ముదరగానే నన్ను టెక్కలిలో అమ్మమ్మ దగ్గరికి పంపేశారు. తిరిగొచ్చేసరికి నాన్న లేడు.

"సోంపేట ఎల్లాడు, వత్తాడు" అంది నాయనమ్మ.

బస్సు హారన్ వినిపిస్తే చాలు, వీధిలోకి పరిగెత్తేదాన్ని.

అమ్మ అసలు మాట్లాడేది కాదు. వండేది, పెట్టేది, అటు తిరిగి పడుకునేది. ఆయన పేరెత్తితే కోడలు ఏమైపోతుందోనని నాయనమ్మకి భయం. సైకిలు, చొక్కాలు, చెప్పులు అన్నీ ఎవరెవరికో ఇచ్చేసింది.

నెల మాసికం అయిన మర్నాడు అత్త వచ్చింది. గిన్నె నిండా నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండి, కొబ్బరి పీచు చుట్టిన పుల్లలు. ఎర్రమట్టి అలికిన మా వీధి గోడ ముందు చతికిలపడింది.

ఇది అప్పటికే ఆవిడ పద్ధతి. రెండేళ్ల ముందు వాళ్లాయన, మా మావయ్య, పోయినప్పుడు తన దగ్గర ఎవరూ ఆయన ఊసెత్తలేదట. విసుగొచ్చి తన ఇంటి గోడ మీద ఆయన చుట్ట తనే గీసుకుంది. దారిన పోయేవాళ్లు ఆగి, ఆ చుట్ట గురించి మొదలుపెట్టి, ఆయన గురించి మాట్లాడారు.

అప్పట్నుంచి ఎవరింట్లో చావు జరిగినా గిన్నె పట్టుకుని బయల్దేరేది. పరామర్శకి వచ్చినవాళ్లు పోయిన మనిషిది ఏదో ఒకటి గీయాలి. దాని కథ చెప్పాలి.

మా గోడ మీద ముందుగా పక్కింటి అప్పన్న మావ పనసకాయ గీశాడు. నాన్నా తనూ ఎవరి తోటలోనో కాయ కోసి, ఆ జిగురు చేతులతోనే దొరికిపోయారట. జనం నవ్వారు. నాయనమ్మ మొహం చిట్లించింది.

అత్త నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"మీ నాన్న సోంపేట ఎల్లనేదే గుంటా. సచ్చిపోనాడు. ఇంక రాడు. నీకు ఆడిది ఏటి గుర్తుందో గియ్యి."

ఏడ్చానో లేదో గుర్తులేదు. చెప్పులు గీశాను. గుమ్మం పక్కన, నాన్న విప్పే చోటే.

నాయనమ్మ కేక పెట్టింది. "ఒలమ్మా! సెప్పులు లోపలికి సూత్తన్నాయే! సచ్చినోడిని ఇంట్లోకి పిలుత్తన్నావేటే? సెరిపీండి!"

కృష్ణాష్టమికి వేసే పాదాలే లోపలికి చూడాలి. పోయినవాళ్లవి బయటికే. ఆరేళ్లదానికి ఆ తేడా ఏం తెలుస్తుంది?

నాయనమ్మ తడిగుడ్డ తెచ్చింది. అప్పుడు లోపల్నించి అమ్మ వచ్చి అడ్డంగా నిలబడింది.

"ఉండనీ అత్తా. ఆయన అలాగే ఇప్పేవోరు. బయటికి తిప్పి పెట్టండని రోజూ సెప్పేదాన్ని. ఒక్కనాడూ ఇన్నేదు."

నెల తర్వాత అమ్మ గొంతు వినడం అదే మొదలు.

ఇక ఆగలేదు. నాన్నని తిట్టింది, ఏడ్చింది, మధ్యలో నవ్వింది కూడా. ఆ పూట పొయ్యి వెలిగించలేదు. నాయనమ్మ ఆ తడిగుడ్డే మొహానికి అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడింది. నాన్న రాడని తెలిసిన రోజునే నాకు అమ్మ తిరిగి దొరికింది.

ఆ చెప్పులు వానలకి కరిగిపోయేదాకా ఎవరూ చెరపలేదు. కరిగిపోవాలనే అత్త రంగులు వాడేది కాదు.

తర్వాత ఎన్ని గోడలో. వేటకెళ్లి సముద్రంలో పోయినవాళ్లకి. ఉద్దానంలో కిడ్నీలు పాడై పోయినవాళ్లకి. "గోడలు సాలట్లేదే" అంది ఓసారి ఫోన్లో. బాగా అలిసిపోయింది అత్త.

గ్రూపులో వాళ్లందరికీ చెప్తున్నా. పదకొండో రోజుకి ఉత్త దండాలతో రాకండి. ఆవిడది ఏదో ఒకటి గుర్తు తెచ్చుకుని రండి. పిండి నేను రుబ్బి తెస్తాను. అత్త ఇంటి గోడకిప్పుడు టైల్స్ వేశారు, పిండి నిలవదు, జారిపోతుంది. జారనీండి.

నన్ను మాత్రం ఎవరైనా పట్టుకుని కింద కూర్చోబెట్టండి. గుమ్మం పక్కన అత్త హవాయి చెప్పులు గీయాలి.

చెరిపేయమనడానికి నాయనమ్మ లేదు. ఉండనీ అనడానికి అమ్మా లేదు.

అయినా లోపలికి తిప్పే గీస్తాను.

వెళ్లిరా అత్తా. ఇంక ఎవరి గోడ ముందూ కూర్చోనక్కర్లేదు. హాయిగా నడుం వాల్చు.