ఘనాలో దొరికిన కొసరు

ఉద్యోగానికని ఒంటరిగా ఘనా వెళ్లిన మొదటి వారం. ఆ ఉదయం దుమ్ముపొగలో సంతంతా కొల్లేటి మంచులో తేలుతున్నట్టే ఉంది. ఎండుచేపల వాసనా అదే. తాడేపల్లిగూడెంలో కిరాణా కొట్లో పెరిగినదాన్ని కదా, టమాటాలమ్మే ఆవిడకి కుప్పకి సగం ధర చెప్పి, వెనక్కి పిలుస్తుందిలే అని నడిచాను. పిలవలేదు. తిరిగి చూస్తే వచ్చిన దారి కనబడలేదు, చేతిలో సంచీ లేదు. పాస్‌పోర్టు అందులోనే!

"మేడమ్!" అంటూ టమాటాలావిడే పరుగున వచ్చింది.

"ఇదిగో మీ సంచీ. ధర మాత్రం తగ్గదు!"

ఆమె వెంటే వెళ్లి, అడిగినంతా ఇచ్చాను. నవ్వుతూ ఇంకో రెండు పళ్లు పైన వేసి, "డాష్" అంది. కొట్లో మా నాన్నగారు "కొసరండీ" అంటూ వేసేది సరిగ్గా అలాగే.

బేరంలో ఓడిపోయి మురిసిపోయింది జీవితంలో ఆ ఒక్కసారే.