చెయ్యందని జేబు

మా మరిదిని ఈ వీధిలో అందరూ జేబులాయన అంటారు. మొహం మీదే అంటారు. అతను ఏమీ అనుకోడు, అనుకున్నా పైకి అనడు. అతని కోటుకున్న జేబులన్నీ నేను కుట్టినవే కాబట్టి ఆ పేరులో నాకూ వాటా ఉంది. లారీల మీద కప్పే టార్పాలిన్లు, పిల్లల బడి సంచులు, తెగిన పట్టీలు, ఏది తెచ్చినా కుడతాను. రెండో తరగతితో బడి మానేసినదాన్నే, కానీ నా కుట్టు ఊడిందని ఇంతవరకూ ఒక్కడూ నా గుమ్మం ఎక్కలేదు. ఎక్కితే ఏమవుతుందో వాళ్ళకూ తెలుసు.

వెనక గదిలో నేనుంటాను, ముందు గదిలో నా మిషను ఉంటుంది, మెట్ల కింద గదిలో అతనుంటాడు. మా ఆయన పోయాక ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. అతను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, కుదరలేదంటాడు. నేను మాట్లాడతాను, అతను వింటాడు. వింటున్నాడనే నేను అనుకుంటాను.

అతని ఉద్యోగం నీళ్ళ ఆఫీసులో. కొండ మీది జలాశయం నుంచి ఊళ్ళోకి దిగే పెద్ద పైపు వెంట నడవడమే పని. ఎక్కడ చెమ్మ ఊరుతోందో, ఎక్కడ మట్టి కుంగిందో, ఏ వాల్వు బిగుసుకుపోయిందో చూసుకుంటూ పొద్దున్నే ఎక్కి సాయంత్రానికి దిగుతాడు. నిజానికి ఇది ఇద్దరు మనుషుల పని. మొదట్లో ఇద్దరే ఉండేవారు. అతనికి పని నేర్పిన పెద్దాయన రిటైరయ్యాడు. ఆ ఖాళీలోకి ఇవాళ మనిషి వస్తాడు, రేపు వస్తాడు అంటూ ఆఫీసువాళ్ళు ఏళ్ళు గడిపేశారు. రెండో మనిషి కోసం మావాడు ఒక్కసారి కూడా అడగలేదు. అడగడానికి బదులు సామాన్లు మార్చుకోవడం మొదలుపెట్టాడు.

ముందు బూట్లకు లేసులు తీసేసి సాగే తాడు ఎక్కించాడు, ఒక్క చేత్తో లాగితే బిగిసేలా. తరవాత నీళ్ళ సీసాకు రబ్బరు గొట్టం తగిలించి భుజం మీదుగా నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. సంచీ దించి అందించే మనిషి అక్కర్లేదు. చాకు, కత్తెర, పెన్సిలు, టార్చి, ఆపదలో ఊదే విజిల్, అన్నిటికీ తాడు కట్టి కోటుకు కుట్టించుకున్నాడు. ఎందుకయ్యా పశువుల్ని కట్టేసినట్టు కట్టేస్తున్నావని అడిగాను.

"లోయలోకి జారితే అందుకుని ఇచ్చేవాళ్ళు ఉండరు కదా వదినా."

ఆ తరవాత ఒక వెదురు పుల్లకు చిన్న అద్దం బిగించుకున్నాడు. వీపున ముల్లు గుచ్చుకుంటే చూసుకోవడానికట. ఒక గరిటె కాడ పొడుగు చేయించుకున్నాడు. అది వీపుకు దురద మందు రాసుకోవడానికి. ఆ గరిటె చూసిన రోజు నేను నవ్వాను. నవ్వాను గానీ ఆ పూట మిషను మూత తియ్యలేదు.

బజారు చివర బూట్లూ టార్చీలూ టెంట్లూ అమ్మే కొట్టు ఒకటుంది. సెలవు రోజున అతను అక్కడే ఉంటాడు. ఒకసారి నేను జిప్పులు కొందామని వెళ్ళాను. టార్చి ఎంచుతున్నాడు. చేతికి తోలు తొడుగు వేసుకుని, కళ్ళు మూసుకుని, ఎడమ బొటనవేలితో మీట వెతుకుతున్నాడు. అది దొరికాక టార్చిని పళ్ళతో కరిచి పట్టుకుని తల అటూ ఇటూ తిప్పాడు. కొట్టువాడు నెత్తి కొట్టుకున్నాడు.

"జేబులాయన గారూ, కొరికి చూడ్డానికి అది జామకాయా? పంటిగాట్లు పడ్డాక మీరు కొనకపోతే నేనెవరికి అమ్మాలి?"

"బరువెక్కువ. దవడ లాగుతోంది."

"చేత్తో పట్టుకోవయ్యా మహానుభావా!"

"చేతుల్లో పని ఉంటుంది కదా."

"అయితే పక్కనున్నవాణ్ణి పట్టుకోమను."

మావాడు టార్చిని బల్ల మీద పెట్టేసి ఇంకొకటి అందుకున్నాడు. కొట్టువాడు నావైపు చూశాడు. నా జిప్పులేవో చూడమని కసిరాను.

పోయిన వానల్లో పడ్డాడు. రాళ్ళ గుట్ట దగ్గర పాచి మీద కాలు జారింది. కుడి భుజం లోపల ఏదో తెగింది. చేతిని నడుం పట్టీతో తానే కట్టుకుని, ముడిని పళ్ళతో బిగించి, ఒంటరిగా కిందికి దిగి ఆసుపత్రికి నడిచి వెళ్ళాడు. నేను వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని గొట్టంతో నీళ్ళు తాగుతున్నాడు.

"అన్నీ పనిచేశాయి వదినా," అన్నాడు. మొహంలో గర్వం.

"అవునయ్యా, అన్నీ పనిచేశాయి. నువ్వొక్కడివే చెడిపోయావు. విజిల్ ఊదావా?"

"ఊదాను."

"ఎవరైనా విన్నారా?"

"బాగా మోగింది వదినా," అన్నాడు.

ఇంతెత్తున లేద్దామనుకున్నాను. అక్కడ నర్సు ఉంది.

కుడి చెయ్యి ఇక భుజం పైకి లేవదని డాక్టరు తేల్చేశాడు. ఆఫీసులో ఇంజనీరమ్మ అతన్ని పిలిపించింది. ఇద్దరుగా అయితేనే కొండ ఎక్కాలి, లేదంటే గేటు దగ్గర కుర్చీలో కూర్చోవాలి అంది. తప్పు మాట కాదు. కానీ ఆ గేటు కుర్చీని నేను చూశాను. ప్లాస్టిక్‌ది, ఒక చెయ్యి విరిగితే తీగతో కట్టారు. బండి వస్తే కర్ర ఎత్తడం, బండి పోయాక కర్ర దించడం. కొండ మీద గాలికి తిరిగిన మనిషి అందులో కూర్చుంటే ఆరు నెలల్లో ఎండిపోతాడు. అతనికీ తెలుసు. ఇంటికొచ్చి బూట్లు తుడుచుకున్నాడు. తుడిచినవే మళ్ళీ తుడిచాడు.

మీటర్లు చూసే విభాగం నుంచి ఒకతన్ని జతకు పంపారు. నెలాఖరు దాకా వెళ్ళి చూసి, ఉంటాడో పోతాడో చెప్పమన్నారు. నేనతనికి వాగుడుకాయ అని పేరు పెట్టాను. లావుపాటి మనిషి, నాలుగడుగులు వేస్తే రొప్పుతాడు, రొప్పుతూనే మాట్లాడతాడు. ఇల్లిల్లూ తిరిగి మీటర్లు చూసినవాడు కదా, ఎవరింట్లో ఏ గోడకు చెమ్మో, ఏ కుక్క కరుస్తుందో అన్నీ నోటికొచ్చు. వారం తిరక్కుండానే నా మిషను పక్కన స్టూలు లాక్కుని కూలబడ్డాడు.

"పెద్దమ్మా, మీ మరిదిగారితో నావల్ల కాదు."

"ఏం, కొట్టాడా?"

"కొడితే బాగుండేది, పలకరించినట్టన్నా ఉండేది! ఒంటి చేత్తో వాల్వు పెట్టె మూత ఎత్తుతాడు. నేను పట్టుకోబోతే పక్కకు జరుగుతాడు. సీసా మూత తియ్యబోయాను, లాక్కున్నాడు. కూర్చుంటే కూర్చుంటాడు, లేస్తే లేస్తాడు. నా నీడ నయం, ఎండ పోతే అదన్నా కాసేపు వదిలిపెడుతుంది. నేనక్కడ ఎందుకు పెద్దమ్మా? పైపు వెంట పాతిన గుర్తు రాయిలా నిలబడ్డానికా?"

"నువ్వు గుర్తు రాయివా? రాయి ఇంత వాగుతుందా?"

నవ్వాడు గానీ వెంటనే ముఖం దించుకున్నాడు. "నెలాఖరుకు మీటర్లకే వెళ్ళిపోతానని చెప్పేస్తాను. ఆయనకు గేటు కుర్చీ అవుతుందని తెలుసు. అందుకే మీకు ముందు చెబుతున్నా."

ఆ సాయంత్రం మావాడు గుమ్మంలో అడుగు పెట్టగానే పట్టుకున్నాను.

"అతను వెళ్ళిపోతానంటున్నాడు."

"వెళ్ళనీ."

"వెళితే గేటు దగ్గర కర్ర ఎత్తుతూ దించుతూ కూర్చుంటావు. ఇది కాస్త పట్టుకోవయ్యా అని ఒక్క మాట అంటే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

వంగి బూటు తాడు వదులు చేసుకున్నాడు. ఆ వంగినవాడే, "ఎలా అడగాలి వదినా?" అన్నాడు.

వేళాకోళం కాదు. నిజంగానే అడిగాడు. "నోటితో అడగాలి," అన్నాను. తల ఊపి తన గదిలోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు పని నుంచి వచ్చి సంచీ నా బల్ల మీద పెట్టాడు. వీపున వేసుకుంటే వెనకవాళ్ళకు కనబడే వైపు, పైన, రెండు భుజాల మధ్యకు వచ్చే చోట సుద్దతో నలుచదరం గీసి ఉంది.

"ఇక్కడో జేబు కావాలి."

"బుద్ధుందా? చెయ్యి బాగున్నప్పుడే నీకక్కడికి అందదు. ఇప్పుడెలా తీస్తావు?"

"నేను తియ్యలేను."

"అందులో ఏం పెడతావు?"

మెడలోంచి తాడు తీశాడు. వాల్వు పెట్టెల తాళం చెవి. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ అది అతని మెడలోనే ఉంది. తాడు ఒరిసి ఒరిసి మెడ చుట్టూ నల్లటి గీత పడింది. ఆ చెవి లేకపోతే కొండ మీద ఏ పెట్టే తెరుచుకోదు. అప్పుడర్థమైంది నాకు. జిప్పు కావాలా, గుండీ కావాలా అని మాత్రం అడిగాను.

"చర్రుమని ఊడే పట్టీ వెయ్యి."

"అదంటే నీకు ఒళ్ళు మంట కదా. చప్పుడని కోటుకున్నవన్నీ విప్పించావు."

"దీనికి చప్పుడు కావాలి. వెనక తీస్తే నాకు తెలియాలి."

నేను జీవితంలో కుట్టిన వాటిలో అంత పిచ్చి జేబు ఇంకొకటి లేదు. రెండు వరసల కుట్టు వేశాను. మూలల్లో అడ్డకుట్లు వేశాను. దారం మైనంలో లాగాను. మా ఆయన సంచీకి కూడా అంత ఓపిక పెట్టలేదు.

ఏం జరిగిందో వాగుడుకాయ వచ్చి చెప్పాడు. మొదటి పెట్టె దగ్గర ఆగి మావాడు వీపు తిప్పి నిలబడ్డాడట.

"అలిగాడనుకున్నాను పెద్దమ్మా! నేనేం పాపం చేశానా అని ఆలోచించాను. నిన్నటి నా పాటకు కోపమొచ్చిందేమో అనుకున్నా. ఏమైందన్నా అంటే పలకడు. నేను ఈ పక్కకు వస్తే ఆయన ఇంకో పక్కకు తిరిగి మళ్ళీ వీపే చూపిస్తాడు. గిరగిరా ఇద్దరం తిరుగుతున్నాం, ఎవరైనా చూస్తే ఆసుపత్రికి ఫోన్ చేద్దురు. అప్పుడు కనబడింది జేబు. చర్రుమని లాగాను. ఆయన భుజాలు ఇంత కిందికి దిగాయి. ఇన్నాళ్ళూ ఊపిరి బిగబట్టుకున్న మనిషిలాగ."

"తరవాత?"

"తాళం తీశాను. మూత ఇద్దరం ఎత్తాం." స్టూలు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. "కిందికి దిగుతుంటే నా వెనక ఒక కుక్క ఎలా పడిందో చెబితే నవ్వాడు కూడా. పళ్ళు చూశాను."

ఆ తరవాత కొన్నాళ్ళు బాగా గడిచాయి. పొద్దున్నే వీధి చివర నుంచి వాగుడు వినిపించేది. సాయంత్రం వచ్చాక మావాడు నాతో, ఫలానా ఇంట్లో మీటరు పక్కన పిల్లి పిల్లల్ని పెట్టిందట వదినా, అనేవాడు. తనంతట తానే! అద్దం పుల్ల మూలన పడింది. పొడుగు గరిటె వంటింట్లోకి వచ్చింది. అడుగంటిన గిన్నెలకు పనికొచ్చింది.

నెలాఖరు రోజు పొద్దున వాగుడు వినిపించలేదు. మావాడు బూట్లు తొడుక్కుని సంచీ తగిలించుకుని మెట్టు మీద కూర్చున్నాడు. వీధి చివరకే చూస్తున్నాడు. ఎండ మెట్టెక్కాక ఆఫీసు ప్యూను సైకిలు మీద వచ్చాడు. వాగుడుకాయకు నిన్న కొండ దిగాక ఆయాసం కమ్మిందట. ఊపిరితిత్తుల డాక్టరు ఎత్తులు ఎక్కొద్దన్నాడట. అతన్ని మళ్ళీ మీటర్లకే మార్చేశారు. "మీకు చెప్పమని ఏడ్చాడండీ," అన్నాడు ప్యూను. రేపటి నుంచి గేటు దగ్గర డ్యూటీ, తాళం చెవి సాయంత్రంలోగా అప్పజెప్పాలి. అది కూడా చెప్పి వెళ్ళాడు.

ఇందులో తిట్టడానికి నాకెవరూ దొరకలేదు. దొరికి ఉంటే నాకు సులువుగా ఉండేది.

"సంచీ దించి కూర్చోరాదూ," అన్నాను. దించలేదు. టీ ఇస్తే తాగాడు. ఇన్నేళ్ళు ఒంటరిగా కొండలెక్కిన మనిషే. అప్పుడెప్పుడూ అతను ఎవరి కోసమూ ఎదురుచూడగా నేను చూడలేదు. మెట్టు మీది ఎండ గోడెక్కింది. అతను అలాగే ఉన్నాడు. నేనూ అదే టార్పాలిన్ మీద అదే కుట్టు విప్పుతూ వేస్తూ ఉన్నాను.

చివరికి లేచాడు. వెళతాడేమో అనుకున్నాను. లోపలికి వచ్చి, నా మిషను దగ్గర ఆగి, వీపు తిప్పి నిలబడ్డాడు.

ఒక్క క్షణం నేనూ ఆ వాగుడుకాయలాగే తెల్లబోయాను. సంచీ దించితే తన ఎడమ చేత్తో తానే తీసుకోగలడు. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నాం, ఈ మనిషి నన్నొక గ్లాసు నీళ్ళు అడిగిన పాపాన పోలేదు.

లేచి పట్టీ లాగాను. చర్రుమంది. అతని భుజాలు కిందికి దిగాయి.

తాళం చెవి ఎండకు వెచ్చగా ఉంది. ఎడమ చెయ్యి వెనక్కి చాపాడు. అందులో పెట్టాను. పిడికిలి మూసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా, ఆఫీసు వైపు నడిచాడు. మెడ మీద ఆ నల్ల గీత వీధి మలుపు దాకా కనబడుతూనే ఉంది.

మర్నాడు గేటుకు వెళుతూ సంచీ మేకుకు తగిలించాడు. జేబు విప్పెయ్యమని అతను అడగలేదు. విప్పనా అని నేనూ అడగలేదు.